గేమింగ్ మొదలుపెడుతున్న అల్లుడికి మావయ్య ఉత్తరం

చి॥ అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొదటి జీతంతో అమ్మకి చీర కొన్నావని అక్క మురిసిపోతూ చెప్పింది. రెండో జీతం నుంచి పీఎస్5 (సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించే గేమింగ్ కన్సోల్) కోసం దాస్తున్న సంగతి నాకొక్కడికే చెప్పావు కాబట్టి నా కడుపులోనే ఉంచుకున్నాను. ఏది కొనాలి, ఏం ఆడాలి, ఆన్‌లైన్‌లో నెగ్గాలంటే ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు పంపావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ఏ గేమ్ అయినా ముందు అది డబ్బులు ఎప్పుడు తీసుకుంటుందో చూడు. అది నిన్ను ఎలా ఆడిస్తుందో దాన్నిబట్టే తెలిసిపోతుంది. మా చిన్నప్పుడు వీడియో గేమ్స్ షాపులో రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా ఆడేవాళ్ళం. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అది. బిళ్ళకి ఒక ఆట కాబట్టి మనం తొందరగా చావాలి, ఇంకో బిళ్ళ పడాలి. బాస్‌లని, అదే ప్రతి దశ చివర్లో వచ్చే పెద్ద విలన్లని, అంత కసిగా పెట్టింది అందుకే. తర్వాత ఇంట్లోకి టీవీ గేమ్ వచ్చింది, క్యాసెట్ పెడితే కాంట్రా, మారియో. క్యాసెట్ డబ్బు ముందే ఇచ్చేశాం, మనం ఎన్నిసార్లు చచ్చినా వాళ్ళకి పైసా రాదు. కాంట్రాలో అయితే కోడ్ నొక్కితే 30 లైఫులు కూడా ఇచ్చేవాళ్ళు! నువ్వు ఫోన్‌లో ఆడే బీజీఎంఐ (మన దేశపు పబ్జీ) లాంటివి ఊరికే ఇస్తారు. ఊరికే ఇచ్చినవాడికి నువ్వు రేపు రావాలి, ఎల్లుండి కూడా రావాలి. రోజూ లాగిన్ అయితే బహుమతి, సీజన్ అయిపోతోందన్న తొందర, గేమ్‌లో ఫ్రెండ్ ఒంటిమీద కొత్త స్కిన్ (వేషం), ఇవన్నీ దాని కోసమే. ఆడొద్దని అనను, నేనూ ఆడతాను. వారమంతా అదే కాకుండా చూసుకో, అంతే. డబ్బు ఒక్కసారి తీసుకుని, కథ చెప్పి, అయిపోయిందని పంపించేసే గేమ్‌తో నీ కన్సోల్ మొదలుపెట్టమంటాను.

ఇక ఏది కొనాలో. డిస్కు పెట్టుకునేదే కొను. పీఎస్5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్కు ఉన్నది 49,990, గేములు నెట్ నుంచే దించుకోవాల్సిన డిజిటల్‌ది 39,990 రూపాయలు. పదివేల తేడా చూస్తే ఎవడికైనా మనసు లాగుతుంది. కానీ కొత్త పెద్ద గేమ్ ఒక్కోటి ఐదు వేల దాకా పలుకుతుంది. డిస్కు అయితే ఆడాక అమ్మేయచ్చు, ఫ్రెండ్ దగ్గరున్నదానితో మార్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది నీ అకౌంట్‌కి అంటుకుపోతుంది. అందులో సేల్స్ బాగానే ఉంటాయి, కాదనను, అయినా ఐదారు గేములు చేతులు మారేసరికి ఆ తేడా పూడిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చిన్నగా ముద్దుగా ఉంటుంది, దానికి డిస్కు పెట్టే చోటే లేదు. నెలనెలా గేమ్‌పాస్ చందా కట్టి వారానికో గేమ్ రుచి చూసేవాడికి అది సరైనది. ఒక్క గేమ్‌ని నాలుగు నెలలు నాన్చే నీకు ఆ చందా దండగ.

సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. అయితే అమ్మేవాడి ఇంటికి వెళ్ళి చూడు, మెట్రో స్టేషన్ కింద నిలబడి చేతులు మార్చుకోకు. టీవీకి తగిలించి అరగంట ఏదైనా బరువైన గేమ్ ఆడు, ఫ్యాన్ చప్పుడు విను. డిస్కు పెట్టి తీయి, మళ్ళీ పెట్టి తీయి. నీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి ఆన్‌లైన్‌లోకి వెళ్తోందా చూడు, సోనీ నిషేధం వేసిన మెషీన్ అయితే అక్కడే దొరికిపోతుంది. పాత మోడల్ పీఎస్4లని జైల్‌బ్రేక్ చేసి, అంటే కంపెనీ వేసిన తాళం విరగ్గొట్టి, "నలభై గేములు ఫ్రీ బ్రో" అని అంటగడతారు, వాటి జోలికి పోకు. ఆఖర్న కంట్రోలర్. గేమ్ పెట్టి, బొమ్మని ఎక్కడో ఒకచోట నిలబెట్టి, కంట్రోలర్‌ని బల్ల మీద వదిలేసి చేతులు కట్టుకు కూర్చో. ఎవరూ ముట్టుకోకుండానే కెమెరా మెల్లగా పక్కకి జరుగుతోందంటే స్టిక్ (బొటనవేలితో తిప్పే పుల్ల) పోయినట్టే. దాన్నే డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ ఎటు వంగిందో కొలిచే పట్టీ లోపల రాసుకుని రాసుకుని అరిగిపోవడం వల్ల వస్తుంది. వాడు "దులిపితే పోతుంది" అంటాడు. నువ్వు కొత్త కంట్రోలర్ ధర ఎంతో అక్కడే ఫోన్‌లో చూపించి బేరం మొదలుపెట్టు.

ఇంకొకటి నీ చెవిన పడే ఉంటుంది, కొత్త గేమ్ సగం ధరకే అని. వేరేవాడి అకౌంట్‌ని నీ మెషీన్‌లో పెట్టి ఆడుకోమంటారు. వాడు పాస్‌వర్డ్ మార్చిన రోజున గేమూ ఉండదు, వాడూ ఉండడు.

తెచ్చాక ముందు టీవీలో గేమ్ మోడ్ వెయ్యి. టీవీ ప్రతి ఫ్రేమ్‌ని కాస్త ఆపి, మెరుగులు దిద్ది చూపిస్తుంది. సినిమాకి అది మంచిదే. గేమ్‌లో సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దక్కేది 17 మిల్లీ సెకన్ల లోపే, ఆ మెరుగుల కోసం టీవీ నాలుగైదు ఫ్రేములు మింగేసిందంటే నువ్వు బటన్ నొక్కాక, ఒక ఆలోచన వచ్చి పోయాక, అప్పుడు బొమ్మ గెంతుతుంది. కార్ల గేమ్‌లో మలుపు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. తమ చేతిలో నైపుణ్యం లేదని చాలామంది అనుకునేది దీనివల్లే. మెషీన్‌ని టీవీ కింద చెక్క అరలో దూర్చి గ్లాసు తలుపు వెయ్యకు, మే నెలలో హైదరాబాద్‌లో మనకే ఊపిరాడదు. మీ అమ్మమ్మ నా దాని మీద దుమ్ము పడకుండా కుట్టుగుడ్డ కప్పేది, ఆన్‌లో ఉన్నప్పుడు కూడా. ప్రేమే, కానీ నెమ్మదిగా తీసి పక్కన పెట్టేవాణ్ణి. గేమ్ సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి కంప్యూటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి చూసుకో. ఐదు నిమిషాలు నిలబెడితే చాలు, సేవ్ చేసి ఆపుకోవచ్చు.

మొదటి గేమ్‌గా ఎల్డెన్ రింగ్ కొంటానన్నావు. వద్దు. 2022లో వచ్చిన దగ్గర్నుంచి దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు, పెట్టుకోవాల్సిన గేమే. కానీ బయటికి అడుగుపెట్టిన కాసేపటికే బంగారు కవచం వేసుకుని గుర్రం మీద ఒకడు ఎదురై నిన్ను నేలకేసి తొక్కుతాడు. వాణ్ణి ఇప్పుడు కొట్టక్కర్లేదు, పక్కనుంచి జారుకోవచ్చని గేమ్ నోరు విప్పి చెప్పదు. కొత్తవాళ్ళు చాలామంది అక్కడే కంట్రోలర్ విసిరేస్తారు. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌తో మొదలుపెట్టు. పీఎస్4 డిస్కే, పీఎస్5లో చక్కగా ఆడుతుంది. తండ్రీ కొడుకులు తల్లి అస్థికలు పట్టుకుని కొండ శిఖరానికి బయలుదేరతారు. తండ్రికి కొడుకుతో మాట్లాడటం రాదు. గొడ్డలి విసురుతావు, అది దూరంగా దిగబడుతుంది, బటన్ నొక్కితే తిరిగి ఎగిరొచ్చి చేతిలో పడినప్పుడు కంట్రోలర్ అరచేతిలో ఠప్‌మంటుంది. కన్సోల్ ఎందుకు, ఫోన్ చాలదా అన్న ప్రశ్నకి నా జవాబు ఆ ఠప్ శబ్దమే. ఈజీ మోడ్‌లో పెట్టుకున్నా నామోషీ ఏం లేదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కథ కోసం ఆడేవాడికి దాన్ని పెట్టిందే అందుకు.

తర్వాత రూమ్మేట్‌ని కూర్చోబెట్టి ఇట్ టేక్స్ టూ ఆడు. 2021లో వచ్చింది. ఒక్కడే ఆడదామంటే కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. విడాకుల దాకా వెళ్ళిన మొగుడూ పెళ్ళాలు బొమ్మలుగా మారిపోతారు, ఒకచోట ఆయన చేతికి మేకులు, ఆవిడ చేతికి సుత్తి ఇస్తారు. మీ అత్తయ్య గేములంటే మొహం తిప్పుకునే మనిషి. సుత్తి తనే తీసుకుంది. "మేకు అక్కడ కాదండీ, పైన, పైన!" అని అరుస్తూ అన్నం సంగతి మర్చిపోయింది. ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో ఉన్నా ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్‌తో ఊరికే ఆడచ్చు. ఇలాంటి ఉదారం ఈ వ్యాపారంలో తక్కువ. పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్ళు చేసిన రాజీ (2020) కూడా ఎప్పుడైనా చూడు. కొట్లాట కాస్త మొరటుగా ఉంటుంది, గోడల మీద బొమ్మలు మాత్రం మనవి.

ఇంటర్నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్‌కి పెంచితే నెగ్గుతానా అని అడిగావు. నెగ్గవు. ఆ స్పీడ్ గేమ్ దించుకోవడానికి పనికొస్తుంది, ఆడేటప్పుడు పారే డేటా చాలా కొంచెం. అక్కడ కావాల్సింది పింగ్, అంటే నువ్వు పంపిన కబురు సర్వర్‌కి చేరి జవాబు వెనక్కి రావడానికి పట్టే సమయం. వాలరెంట్ లాంటి తుపాకుల గేములకి ముంబైలోనే సర్వర్లు ఉన్నాయి, మంచి లైన్ అయితే హైదరాబాద్ నుంచి 20, 30 మిల్లీ సెకన్లలో పని అయిపోతుంది. సింగపూర్ సర్వర్‌లో పడితే దానికి రెండు మూడింతలు. అయినా పింగ్ నిలకడగా ఉంటే చేయి అలవాటు పడుతుంది. 30 నుంచి 150కి ఎగిరి మళ్ళీ 30కి పడితేనే చస్తాం: తలుపు చాటుకి వచ్చేశానని నువ్వనుకుంటావు, సర్వర్ లెక్కలో నువ్వింకా బయటే ఉంటావు. ఆ ఎగుడుదిగుడులో చాలా భాగం మనింట్లోనే పుడుతుంది. రౌటర్ హాల్లో, మెషీన్ బెడ్‌రూమ్‌లో, మధ్యన రెండు గోడలు, పక్క గదిలో రూమ్మేట్ సినిమా డౌన్‌లోడ్. గుమ్మం వారగా ఒక లాన్ కేబుల్ లాగు. కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారు. కన్సోల్ నాట్ టైప్ 3 (బయటివాళ్ళతో నేరుగా కలవడం కష్టమైన కనెక్షన్) అని చూపించి, ఫ్రెండ్ గొంతు వినపడకపోతే నెట్ కనెక్షన్ వాళ్ళని పబ్లిక్ ఐపీ, అంటే నీకే సొంతమైన నెట్ చిరునామా, ఇస్తారేమో అడుగు.

డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్యతో తుపాకుల గేమ్ ఆడాలనుకోకు. ముంబై సర్వర్ పెడితే వాడికి లాగ్ (ఆలస్యం), అమెరికాది పెడితే నీకు లాగ్, పింగ్ 200 దాటిపోతుంది. ఇద్దరూ మైన్‌క్రాఫ్ట్ పెట్టుకోండి. ఇల్లు కట్టుకుంటూ ఊసులాడుకోవచ్చు, అక్కడ అర సెకను ఆలస్యమైతే కొంప మునగదు.

డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని పీఎస్5లో ఆన్‌లైన్ ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా ఉండాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకి అక్కర్లేదు. అందుకని డబ్బా తెరిచిన రోజే ఏడాది చందా కట్టేయకు.

నెగ్గడం గురించి నేను చెప్పేది నీకు నచ్చదు. పెద్ద గేములన్నీ నీ స్థాయివాళ్ళనే నీకు ఎదురు పెడతాయి, నువ్వు ముదిరేకొద్దీ ఎదుటివాళ్ళూ ముదుర్లే వస్తారు. కాబట్టి ఇంచుమించు సగం ఓడిపోవడం మామూలే. వరసగా రెండు ఓడితే లేచి మంచినీళ్ళు తాగు, ఆ రాత్రికి ర్యాంక్ ఆటలు కట్టిపెట్టు. పోయిన పాయింట్లు ఇప్పుడే రాబట్టాలనుకోవడం పేకాట బుద్ధి. పేకాట అన్నాను కాబట్టి చెబుతున్నా, డబ్బులు కట్టి ఆడే రమ్మీ యాప్‌లని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి డబ్బాటలని దేశమంతటా ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ని (వీడియో గేముల పోటీలని) మాత్రం వేరుగా గుర్తించింది. బావగారు పేపర్లో అప్పులపాలైన కుర్రాళ్ళ వార్తలు చదివి నిన్నూ ఆ లెక్కలో వేసేశారు. ఆయనకి ఈ తేడా నువ్వే కూర్చుని చెప్పు. నేను చెబితే "నువ్వే వాణ్ణి పాడుచేశావు" అంటారు.

అయితే ఆయన భయంలో నిజం బొత్తిగా లేకపోలేదు. నీకిష్టమైన ఫుట్‌బాల్ గేమ్‌లో, అదే మొన్నటిదాకా ఫిఫా అన్నది, అల్టిమేట్ టీమ్ ప్యాక్‌లు అమ్ముతారు. లోపల ఏ ఆటగాడు వస్తాడో తెలియకుండా డబ్బు పెట్టి విప్పడమే. బెల్జియంలో ఇలాంటివి జూదం కిందికే వస్తాయని 2018లో తేల్చారు, 2019 నుంచి అక్కడ ఆ ప్యాక్‌లు కొనే పాయింట్లని డబ్బుకి అమ్మడం ఆపేశారు. పైగా ఏటా కొత్త గేమ్ వస్తుంది, నువ్వు డబ్బు పోసి కట్టుకున్న టీమ్ పాతదాంట్లోనే ఉండిపోతుంది. కార్డు వివరాలు మెషీన్‌లో సేవ్ చెయ్యకు. రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకో. ఫ్రీ యూసీ (బీజీఎంఐలో చెల్లే డబ్బు) ఇస్తామంటూ లింకులు పంపేవాడు దొంగ, అందులో ఆలోచించేదేం లేదు.

సర్వర్ మీద బతికే గేమ్ ఏదీ నీది కాదని కూడా గుర్తుంచుకో. పబ్జీని 2020 సెప్టెంబర్‌లో నిషేధించినప్పుడు నీ మొహం ఎలా ఉందో నేను చూశాను. బీజీఎంఐగా 2021లో వచ్చింది, 2022 జూలైలో అదీ పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. సోనీ అంతటివాళ్ళు 2024 ఆగస్టు 23న కాంకర్డ్ విడుదల చేసి, జనం రాక సెప్టెంబర్ 6న మూసేసి డబ్బు వాపసు ఇచ్చారు. 2014 నాటి కార్ల గేమ్ ద క్రూ సర్వర్లని 2024 మార్చి 31తో ఆపేశారు. ఒంటరిగా ఆడుకోవాలన్నా దానికి సర్వర్ కావాలి, డిస్కు దగ్గరున్నా ఇప్పుడు ఆడలేం. నా కాంట్రా క్యాసెట్ ఎప్పుడు పెట్టినా ఆడుతుంది.

మైక్ గురించి కొంచెం. తెలియనివాళ్ళ స్క్వాడ్‌లో (జట్టులో) "అన్నా, తెలుగా?" అని ఎవడైనా అడిగితే ఆ ఆట ఓడినా బాగుంటుంది. అదే మైక్‌లో ఆడపిల్ల గొంతు వినపడగానే కూతలు మొదలుపెట్టేవాళ్ళూ ఉంటారు. నీ స్క్వాడ్‌లో అలా జరిగితే నవ్వి ఊరుకోకు, రిపోర్ట్ కొట్టు, వాడితో మళ్ళీ ఆడకు.

పద్దెనిమిది నిండనివాళ్ళకి బీజీఎంఐ రోజుకి మూడు గంటలని హద్దు పెట్టింది. నీకు ఆ వయసు దాటిపోయింది, ఇక నువ్వే పెట్టుకోవాలి. రాత్రి రెండింటికి నీ పేరు పక్కన పచ్చచుక్క నాకు కనపడుతోంది. ఆ టైమ్‌లో నేనెందుకు మేలుకుని ఉన్నానని అడగకు.

దసరాకి వచ్చినప్పుడు గాడ్ ఆఫ్ వార్ డిస్కు నా దగ్గర తీసుకెళ్ళు, కొనకు. పూర్తయ్యాక తిరిగివ్వాలి. ఫ్రెండ్స్‌తో మార్చుకోమన్నాను కదా అని నాది మార్చేయకు.

మీ మావయ్య