దుబాయ్‌లో దొరల ఆఫీసుకు వెళ్ళబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దుబాయ్‌లోని ఒక బ్రిటిష్ కన్సల్టెన్సీలో నీకు క్వాంటిటీ సర్వేయర్ (కట్టడాల కొలతలూ ఖర్చులూ లెక్కగట్టే) ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఎండలకూ, ఆఫీసు ఇంగ్లీషుకూ నెలా రెండు నెలల్లో నువ్వే అలవాటుపడతావు కనుక వాటి గురించి రాయడం లేదు. నీతో పనిచేసే బ్రిటిష్ వాళ్ళు తమలో తాము పాటించే ఎక్కువతక్కువల గురించి మాత్రం నీకు ఎవరూ ముందుగా చెప్పరు. ఆ సంగతి తెలియకపోతే వాళ్ళలో వాళ్ళకు తగలవలసిన మాట నీకే తగిలిందనుకుని బాధపడతావు, లేదా నీకు సంబంధంలేని పోటీలో తెలియకుండానే దిగుతావు.

తెల్లవాళ్ళందరూ ఒకే జట్టు కారు. మన వైపు కొత్తవాళ్ళను ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మర్యాదగా అడిగి కులం తేల్చుకుంటారు చూడు, వాళ్ళలో ఆ పని ఏ బడిలో చదివావన్న ప్రశ్న చేస్తుంది. పబ్లిక్ స్కూలు అన్న పేరు విని సర్కారు బడి అనుకోకు. 1440లో పెట్టిన ఈటన్, 1572 నాటి హారో వంటి, భారీగా ఫీజులు గుంజే ప్రైవేటు బడులను వాళ్ళు అలా పిలుస్తారు. బ్రిటన్‌లో ప్రైవేటు బడులకు వెళ్ళే పిల్లలు నూటికి ఆరేడుగురికి మించరు, అయినా పెద్ద కొలువుల్లో ఎక్కడ చూసినా వాళ్ళే ఎదురవుతారు. బడి అడగకపోయినా యాస పట్టిస్తుంది. ఎసెక్స్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్ యాసలున్నవాడు రెండు వాక్యాలు మాట్లాడేసరికి వాడి తండ్రి ఏం పనిచేసేవాడో ఎదుటివాడు ఊహించేసుకుంటాడు. కప్పులో టీ కంటే ముందు పాలు పోసేవాళ్ళను ఒక మెట్టు దించి చూసే ఆచారం కూడా ఉండేది; పాతకాలపు మనుషుల్లో ఇప్పటికీ కొంత మిగిలి ఉందేమో, ప్యాంట్రీ దగ్గర నిలబడితే నీకే తెలుస్తుంది.

ఇదంతా వాళ్ళ దేశంలో ఉన్నదే అయినా, దుబాయ్‌లో మరింత పదునెక్కడానికి ఒక కారణం ఉంది. స్వదేశంలో ఎవరి పేట, ఎవరి ఇల్లు, ఎవరి స్నేహాలు అన్నవి తరాల తరబడి స్థిరపడి ఉంటాయి కనుక ఎవరి స్థానం ఏమిటో పైకి చెప్పుకోవలసిన అవసరం రాదు. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఎసెక్స్‌లో ప్లంబర్ కొడుకుగా పెరిగినవాడూ, హారోలో చదివినవాడూ అరేబియన్ రాంచెస్ అనే విల్లాల పేటలో పక్కపక్క విల్లాల్లో దిగి, ఒకే రకం కార్లు నడుపుతూ, ఇద్దరూ ఇంట్లో పనిమనిషిని పెట్టుకుంటారు. పాత గుర్తులు ఇలా చెరిగిపోయేసరికి కొత్తవి పుట్టుకొస్తాయి. కంపెనీ ఇంటి అద్దె, పిల్లల ఫీజులు కడుతోందా, లేక ఒట్టి జీతమేనా, దేశానికి వచ్చి ఎన్నేళ్ళయింది, పిల్లలు ఏ బడిలో ఉన్నారు, వారాంతం గోల్ఫు క్లబ్బులోనా, ఫుట్‌బాల్ చూపించే బారులోనా అన్నవే అక్కడ కొలమానాలు. భర్త సంపాదన మీద కాఫీలతో పొద్దుపుచ్చే ఆడవాళ్ళను దుబాయ్‌లోని జుమేరా పేట పేరు కలిపి 'జుమేరా జేన్' అని వెక్కిరించేదీ, స్థలాలూ ఫ్లాట్లూ అమ్మే బ్రోకర్లను చూసి పెదవి విరిచేదీ మొదట బ్రిటిష్ వాళ్ళే.

దీనికి తోడు ఇంకొక గుబులు ఉంటుంది. విదేశం వెళ్ళినవాళ్ళను లండన్‌లో ఉన్నవాళ్ళు అంత గౌరవంగా చూడరు. లండన్‌లో నెగ్గుకురాలేకనే హాంకాంగ్ పట్టుకుపోయారని ఎద్దేవా చేసే సామెత ఒకటి వాళ్ళలో ఉంది. పైగా చాలామందికి వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే విల్లా, క్లబ్బు, పనిమనిషి అన్నీ ఒక్కసారిగా పోయి, ఇంగ్లండులో చిన్న ఊళ్ళోని చిన్న ఇంటికి తిరిగిపోవలసి వస్తుంది. హోదా గురించి అతిగా మాట్లాడేవాడి మాటల వెనుక ఈ భయం ఉందని గ్రహిస్తే వాడి మీద నీకు కోపం రాదు.

ఈ అలవాటు వాళ్ళు మన దేశంలో ఉన్నప్పుడే ముదిరింది. పాలన నడిపే ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారులు అందరికన్నా పైన, సైన్యం ఆ పక్కన, వ్యాపారం చేసేవాళ్ళు 'బాక్స్‌వాలా'లన్న (పెట్టె మోసుకుని సరుకు అమ్మేవాళ్ళన్న) చిన్నచూపుతో కింద. విందులో ఎవరి తరువాత ఎవరు కూర్చోవాలో తేల్చడానికి సర్కారే ఒక వరుస పట్టికను అచ్చువేసేది. 1827లో కలకత్తాలో వెలసిన బెంగాల్ క్లబ్బు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1959 దాకా భారతీయులను సభ్యులుగా చేర్చుకోలేదు. గల్ఫు తీరాన్ని చూసుకునే బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు కూడా 1947 వరకు ఇండియా ప్రభుత్వం కిందనే పనిచేశాడు, 1960ల దాకా అక్కడ చెల్లింది రూపాయే. 1971లో ఎమిరేట్స్ ఏర్పడి రెసిడెంటు వెళ్ళిపోయినా ఆ మర్యాదలూ, ఆ మొహమాటాలూ పూర్తిగా వెళ్ళలేదు.

ఇక నువ్వు ఎలా మసలుకోవాలో చెబుతాను. లిఫ్టులోనో, సైటు నుంచి తిరిగి వచ్చే కారులోనో ఒక బ్రిటిష్ సహోద్యోగి మరొకడి యాసను అనుకరించి నవ్వించబోతాడు. అప్పుడు నువ్వు నవ్వకు. నిన్ను తన పక్షానికి లాక్కోవడానికి అది మొదటి మెట్టు, రేపు నీ ఉచ్చారణ వంతు వస్తుంది. మొహం ముడుచుకోవలసిన పని కూడా లేదు, కాంట్రాక్టరు బిల్లు గురించి ఒక ప్రశ్న వేస్తే చాలు, మాట మళ్ళిపోతుంది. స్కాట్లండువాడినీ, వేల్స్‌వాడినీ 'ఇంగ్లీషువాడు' అనకు. వాళ్ళు పైకి నవ్వినా లోపల గుచ్చుకుంటుంది. ఏ బడి, మీ నాన్నగారేం చేస్తారు అని నిన్ను అడిగితే, జిల్లా పరిషత్ హైస్కూలు, వ్యవసాయం అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళ నిచ్చెన మీద నీ బడికి మెట్టే లేదు కనుక నిన్ను ఎక్కడ నిలబెట్టాలో వాళ్ళకు అర్థం కాదు. అది నీకు పెద్ద సౌకర్యం, దాన్ని పోగొట్టుకోకు. లేని ఇంగ్లండు యాస తెచ్చిపెట్టుకుని, సెలవులకు లండన్ వెళ్ళివచ్చి ఆ కబుర్లే చెప్పే మనవాళ్ళు కొందరు ఆ నిచ్చెన కింది మెట్టు దగ్గర తమంతట తామే వెళ్ళి నిలబడ్డారు.

హోటళ్ళలో వారాంతపు బ్రంచ్ అనే, మందుతో సాగే పగటి విందు ఒకటి ఉంటుంది. 2022లో సెలవులు శని, ఆదివారాలకు మారేదాకా శుక్రవారాలు జరిగేది, ఇప్పుడు ఎక్కువగా శనివారం. ఎవరైనా వెళ్తున్నారా అన్న సమాచారం కంటే ఎవరి బల్ల దగ్గరికి ఎవరిని పిలిచారన్నదే సోమవారం దాకా చర్చ. పిలిస్తే వెళ్ళు, మందు ముట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, భోజనం అయ్యాక కాసేపు కూర్చుని గొంతులు పెరగకముందే లేచి వచ్చెయ్యి. పిలవకపోతే అది వాళ్ళ లెక్కల సంగతి, నీ పని మీద తీర్పు కాదు.

మనుషులను నువ్వు అంచనా వేసుకోవాలంటే ఆఫీసులో టీ అందించే కుర్రాడితో వాళ్ళు ఎలా మాట్లాడతారో చూడు. నేను గమనించినంతలో, తన స్థానం మీద నిశ్చింత ఉన్నవాడు పేరు పెట్టి పిలిచి థాంక్స్ చెబుతాడు, కొత్తగా పైకి వచ్చి ఇంకా కాలు నిలదొక్కుకోనివాడు తలెత్తకుండా కప్పు ముందుకు జరుపుతాడు. ఆ కుర్రాడు జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాడై ఉండే అవకాశం చాలా ఉంది. అందరి ముందూ తెలుగులోనే పలకరించు. సోనాపూర్ కార్మిక క్యాంపుల్లో ఉండే మనవాళ్ళను చూసి కరామా పేటలో ఫ్లాటున్న తెలుగువాళ్ళు పక్కకు తప్పుకునే తీరు నేను చూశాను. దొరల డాబుసరిని వేలెత్తి చూపే అర్హత వాళ్ళకు ఎక్కడిది?

ఇక డబ్బు సంగతి. ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి వేరువేరు జీతాలు ఇవ్వడం గల్ఫులో పాత వాడుక, నీ పక్క కుర్చీలో నీకంటే అనుభవం తక్కువైన బ్రిటిష్ కుర్రాడు నీకంటే ఎక్కువ తీసుకుంటూ ఉండవచ్చు. దాని మీద క్యాంటీనులో గొణగడం వల్ల ఒక్క దిర్హమూ పెరగదు. సంతకం చెయ్యకముందే కాగితం మీద అడుగు. మొత్తం జీతం ఎంతన్నది కాదు, అందులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల వేతనం) ఎంతో చూసుకో. ఏడాది నిండినవాళ్ళకు ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదనే కడతారు: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ఇంటి అద్దె, రవాణా అలవెన్సులను బాగా పెంచి బేసిక్‌ను కుదించే కంపెనీలు ఉంటాయి.

ఆఫర్ లెటరు ఇంకా నీ దగ్గరే ఉందని మీ అమ్మ అన్నది. జీతం వివరాలున్న పేజీని ఫోటో తీసి ఈ ఆదివారంలోగా నాకు పంపు. చూసి, ఏమేం అడగాలో గీత గీసి పంపిస్తాను.

మీ మామయ్య