పాఠకుల ప్రశ్నలు: పర్మినెంట్ ఉద్యోగంలో ఉంటూ మొదటి కాంట్రాక్టు వెతుక్కోవడం

ప్రశ్న: పదకొండేళ్లుగా ఒకే సంస్థలో పర్మినెంట్ ఉద్యోగినిగా డేటాబేస్‌ల నిర్వహణ చూస్తున్నాను. ఇకపై కాంట్రాక్టు పద్ధతిలో పనిచేయాలని నిర్ణయించుకుని కొన్ని నెలలుగా దరఖాస్తులు పంపుతున్నాను. ఏజెన్సీల వాళ్లు ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది ఎప్పుడు చేరగలరని. మూడు నెలల నోటీసు పీరియడ్ ఉందని చెప్పగానే ఆ సంభాషణ ముగిసిపోతోంది. ఇంతకుముందు కాంట్రాక్టు చేశారా అని ఒకరిద్దరు అడిగారు. చేయలేదన్నాక మళ్లీ ఫోన్ రాలేదు. ముందు రాజీనామా చేసి ఆ తర్వాత వెతుక్కోవాలా? ఇంటికి నా జీతమే ఆధారం. రోజుకు ఎంత రేటు అడగాలన్నది కూడా తేలడం లేదు.

జవాబు: ఆ ఫోన్లు మధ్యలో ఆగిపోతున్నాయంటే మీ పనితనంలో లోపం ఉందని అనుకోకండి. పర్మినెంట్ ఉద్యోగిని తీసుకునే సంస్థ ఏళ్ల తరబడి ఉండే మనిషి కోసం చూస్తుంది కాబట్టి మూడు నెలలు ఆగడానికి దానికి అభ్యంతరం ఉండదు. కాంట్రాక్టు అవసరం పుట్టేది వేరే పరిస్థితిలో. ఎవరో హఠాత్తుగా మానేసి ఉంటారు, ఒకరు దీర్ఘకాలిక సెలవులో ఉంటారు, లేదా గడువు దాటిపోతున్న ప్రాజెక్టులో ఒక పని తెలిసిన వారు లేక మిగతావారంతా ఖాళీగా ఎదురుచూస్తుంటారు. మంజూరైన బడ్జెట్టుకూ ఒక గడువు ఉంటుంది. అలాంటి చోట రెండు మూడు వారాల్లో చేరగలవారినే పిలుస్తారు. మూడు నెలల తర్వాత వచ్చే నిపుణురాలి కంటే పై సోమవారం వచ్చే మామూలు పనిమంతుడే అక్కడ ఎక్కువ ఉపయోగపడతాడు.

అందువల్ల మీరు ముందుగా తేల్చుకోవలసినది నోటీసు సంగతి. నియామక పత్రాన్ని బయటికి తీసి ఆ షరతును అక్షరం అక్షరం చదవండి. నోటీసు కాలానికి బదులు జీతం చెల్లించి వెళ్లే వీలుందా, మిగిలిన సెలవులను అందులో సర్దుకోవచ్చా, పై అధికారి అంగీకరిస్తే ముందే విడుదల చేస్తారా అన్నవి చూడండి. గతంలో మీ విభాగం నుంచి వెళ్లినవారిని నిజంగా ఎన్ని వారాలకు వదిలారో గమనించండి, ఎందుకంటే కాగితం మీద మూడు నెలలున్నా బాధ్యతల అప్పగింత పూర్తయితే ముందే పంపించే సంస్థలూ ఉంటాయి. మీరు చేసే పనుల వివరాలు, రాత్రిపూట నడిచే బ్యాకప్‌ల క్రమం, అత్యవసర వేళల్లో తీసుకోవలసిన చర్యలు ఇప్పటి నుంచే రాసిపెట్టడం మొదలుపెడితే, రేపు త్వరగా పంపమని అడిగేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. ఉద్యోగంలో ఉండగానే గుట్టుగా ఒక చిన్న కాంట్రాక్టు చేసి అనుభవం సంపాదించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నియామక పత్రాల్లో రెండో పనిని నిషేధించే షరతు తరచుగా ఉంటుంది, దాన్ని ఉల్లంఘించి బయటికి వస్తే ఆ మచ్చ మీ వెంటే వస్తుంది.

ఇంత చేసినా నోటీసు ఆరు వారాల కంటే తగ్గకపోతే, రాజీనామా చేసి, నోటీసు చివరి నాలుగైదు వారాల్లో గట్టిగా వెతకడమే ఆచరణలో మిగిలే దారి. ఈ రంగంలో ప్రకటనకూ చేరే తేదీకీ మధ్య వ్యవధి తక్కువ కాబట్టి, అంతకంటే ముందు పంపిన దరఖాస్తుల వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అయితే ఇంటికి మీ జీతమే ఆధారమని రాశారు కనుక, చేతిలో కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు లేకుండా ఆ లేఖ ఇవ్వవద్దని స్పష్టంగా చెబుతున్నాను. ఇది అతి జాగ్రత్త కాదు, లెక్క వేసి చూడండి. ఉద్యోగం వదిలాక కాంట్రాక్టు దొరకడానికి రెండు నెలలు పట్టిందనుకుందాం. చేరిన మొదటి నెల పనికి ఆ నెలాఖరున ఇన్‌వాయిస్ (చేసిన పనికి బిల్లు) ఇస్తారు. చెల్లింపు గడువు 30 రోజులైతే మొదటి సొమ్ము చేరిన 60వ రోజు ప్రాంతంలో ఖాతాలో పడుతుంది, గడువు 60 రోజులైతే 90వ రోజుకు. అంటే ఆఖరి జీతానికీ మొదటి చెల్లింపుకూ మధ్య నాలుగైదు నెలలు గడుస్తాయి, అదీ ఎవరూ ఆలస్యం చేయకపోతేనే. ఆ ఆరు నెలల ఖర్చు సమకూరే వరకు ఉద్యోగంలోనే ఉండండి. ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉంటే దాన్ని కూడా వదిలే ముందే పూర్తి చేసుకోండి. సొంతంగా సంపాదించేవారి విషయంలో బ్యాంకులు సాధారణంగా గడిచిన ఒకటి రెండేళ్ల ఆదాయపు రుజువులు అడుగుతాయి, కొత్తగా మొదలుపెట్టినవారి దగ్గర అవి ఉండవు. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోకముందే సొంత పాలసీ కూడా అమల్లో ఉండాలి.

ఇక అనుభవం గురించి. ఇంతకుముందు కాంట్రాక్టు చేశారా అన్న ప్రశ్న వెనుక రెండు అనుమానాలు ఉంటాయి: శిక్షణ లేకుండా మొదటి వారంలోనే పని అందుకోగలరా, మధ్యలో పర్మినెంట్ ఉద్యోగం దొరికితే వదిలేసి వెళ్తారా. చేయలేదన్న ఒక్క మాటతో ఆగకుండా ఆ రెండింటికీ జవాబు చెప్పండి. పదకొండేళ్లలో మీరు వేరే బృందానికి వెళ్లి కొద్ది కాలంలో ఒక పని ముగించి వచ్చిన సందర్భాలు తప్పకుండా ఉంటాయి, వాటిని గుర్తు చేసుకుని సిద్ధంగా పెట్టుకోండి. పర్మినెంట్ ఉద్యోగాన్ని ఆలోచించుకునే వదులుతున్నారని, కాంట్రాక్టు గడువు పూర్తయ్యే వరకు ఉంటారని కూడా మీ నోటితోనే చెప్పాలి.

రెజ్యూమేను మాత్రం మొదటి నుంచి తిరగరాయాలి. ‘డేటాబేస్ విభాగంలో సీనియర్ హోదాలో వివిధ బాధ్యతలు నిర్వహించాను’ అన్న వాక్యం పదోన్నతికి పనికొస్తుంది కానీ కాంట్రాక్టు ఇచ్చేవారికి ఏమీ చెప్పదు. దాని స్థానంలో ‘పాత సర్వర్లలోని 40 డేటాబేస్‌లను ఐదు నెలల్లో కొత్త వ్యవస్థకు తరలించాను, ఆ తరలింపులో సేవలు నిలిచిన సమయం రెండు గంటల లోపే’ అన్న తీరులో, మీరు నిజంగా చేసిన పనిని నిజమైన అంకెలతో రాయండి. హోదాలు, బృందంలో మనుషుల సంఖ్య, హాజరైన శిక్షణలు వెనక్కి పోవాలి. మీకు ఇరవై పనులు తెలిసి ఉండవచ్చు. అయినా మొదటి కాంట్రాక్టు కోసం ఒకటి రెండు పనులనే ముందుకు తేవడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మార్పు. అన్నీ చేయగలనని చెప్పుకునేవారు గుర్తుండరు, తరలింపు చేసిపెట్టే మనిషిగా పేరు పడితే ఆ పని తగిలినప్పుడు మీరే గుర్తుకొస్తారు. రెజ్యూమే పైభాగంలోనే ఏ తేదీ నుంచి అందుబాటులో ఉంటారో కూడా రాయండి.

ఏజెన్సీలతో ఒక జాగ్రత్త అవసరం. ఒకే క్లయింటుకు, అంటే మీ చేత పని చేయించుకునే సంస్థకు, మీ రెజ్యూమే రెండు ఏజెన్సీల ద్వారా చేరితే, కమీషన్ ఎవరిదన్న తగాదా వద్దనుకుని క్లయింటు మిమ్మల్నే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. కనుక క్లయింటు పేరు చెప్పకుండా ఎవరైనా మీ రెజ్యూమే పంపుతామంటే ఒప్పుకోకండి, ఎవరికి ఏ రోజు అనుమతి ఇచ్చారో రాసి పెట్టుకోండి. ఏజెన్సీలకంటే మీ పాత సహోద్యోగులు, ఇతర సంస్థలకు వెళ్లిన మీ పాత మేనేజర్లు ఎక్కువ మేలు చేయగలరు. మీ పనిని కళ్లారా చూసినవారు కాంట్రాక్టు అనుభవం గురించి అడగరు. వారికి ‘ఏదైనా ఉంటే చెప్పండి’ అని కాకుండా, ఏ తేదీ నుంచి, ఎన్ని నెలలకు, ఏ పనికి సిద్ధంగా ఉన్నారో నాలుగు వాక్యాల్లో రాయండి.

రేటు విషయంలో చాలామంది నెల జీతాన్ని పనిదినాలతో భాగించి పొరబడతారు. ఏడాదిలో 365 రోజులు, వారాంతాలు 104 తీసేస్తే 261. పండుగ సెలవులు 10, మీ సొంత సెలవులు 20, అనారోగ్యానికి 5 అనుకుంటే మిగిలేవి 226. ఒక కాంట్రాక్టుకూ మరొకదానికీ మధ్య ఆరు వారాల ఖాళీ వచ్చిందంటే ఇంకో 30 పోయి 196 రోజులే చేతికి వస్తాయి. ఏడాది జీతానికి బోనస్, సంస్థ మీ పేర కట్టే పదవీ విరమణ నిధి వాటా, బీమా, శిక్షణ ఖర్చు కలిపి, ఆ మొత్తాన్ని 196తో భాగించండి. వచ్చినది మీ కనీస రేటు. రోజుల తేడా ఒక్కదాని వల్లే అది మామూలు భాగహారం కంటే దాదాపు మూడో వంతు ఎక్కువగా ఉంటుంది, కనుక ఆ అంకె చూసి అడగడానికి మొహమాటపడకండి. చేతికి వచ్చిన సొమ్ములో పన్ను వాటాను వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి. పన్నుల చట్టం మిమ్మల్ని స్వతంత్రంగా పనిచేసేవారిగా చూస్తుందా, పేరు మార్చుకున్న ఉద్యోగిగా చూస్తుందా అన్నది పనిపై అదుపు ఎవరిది, నష్టభారం ఎవరిది వంటి అంశాలను బట్టి ఉండవచ్చు. మొదటి సంతకానికి ముందే ఒక అకౌంటెంటును కలవండి.

ఆ సంతకం పెట్టే ముందు కొన్ని షరతులను తప్పక చూడాలి. ఆరు నెలల కాంట్రాక్టు అని పైన రాసి ఉన్నా, రెండు వారాల నోటీసుతో క్లయింటు రద్దు చేసుకోవచ్చని లోపల ఉంటే మీకు హామీ ఉన్నది రెండు వారాలకే. క్లయింటు చెల్లించాకే మీకు చెల్లిస్తామన్న షరతును ఏజెన్సీ చేత తీయించే ప్రయత్నం చేయండి. నష్టపరిహారానికి పరిమితి ఉందో లేదో, గడువు ముగిశాక అదే క్లయింటుతో నేరుగా పనిచేయకూడదన్న నిషేధం ఎన్ని నెలలో చూసుకోండి.

ప్రశ్న: నాకు మొదటి కాంట్రాక్టు అవకాశం వచ్చింది కానీ రేటు నేను అనుకున్నదానికంటే తక్కువ. అనుభవం కోసం ఒప్పుకోవచ్చా?

జవాబు: పైన చెప్పిన పద్ధతిలో లెక్కించిన కనీస రేటు కంటే పైన ఉంటే ఒప్పుకోండి, కింద ఉంటే వద్దు. మార్కెట్టులో నడిచే రేటుకూ మీ కనీస రేటుకూ మధ్య కొంత తగ్గడంలో తప్పులేదు, కానీ తక్కువ రేటుకు ఏడాది కాలం కట్టుబడకండి. మూడు నెలలకు ఒప్పుకుని, పొడిగింపు జరిగితే రేటును మళ్లీ మాట్లాడుకోవాలన్న వాక్యాన్ని ఒప్పందంలోనే రాయించండి. గడువుకు నెల రోజుల ముందే పొడిగింపు మాట మీరే ఎత్తండి. వారు కాదంటే వెతకడానికి మీకు ఆ నెల మిగులుతుంది. బయటికి వచ్చే లోపు, మీరు పూర్తి చేసిన పని గురించి అక్కడి మేనేజరు చేత నాలుగు వాక్యాలు రాయించుకోండి.