ఆ అబద్ధం మీరెందుకు మోయాలి?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. పెళ్ళయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. మావారు ఎంఎస్ చేసి సాఫ్ట్‌వేర్‌లో ఉండేవారు. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే ఉద్యోగం పోయింది. ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్ళినా ఎక్కడా కుదరలేదు. ఆయనకు చిన్నప్పటి నుంచీ మిలిటరీ అంటే ఇష్టం. ఇద్దరం మాట్లాడుకున్నాకే అమెరికా ఆర్మీలో చేరారు. మూడు వారాల క్రితం బేసిక్ ట్రైనింగ్ కోసం సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌కు వెళ్ళారు. పది వారాలట. చేరిన రోజు ఫోన్ చేసి, "చేరాను, బాగానే ఉన్నాను, అడ్రసు తర్వాత పంపిస్తా" అని ఎవరో పరాయివాళ్ళకు చెప్పినట్టు చెప్పి పెట్టేశారు. నేను ఏడుస్తున్నా ఆగలేదు. ఆ తర్వాత ఒకే ఒక్క ఉత్తరం, అదీ ఐదు లైన్లు. నా మీద ప్రేమ తగ్గిపోయిందేమోనని భయంగా ఉంది. రాత్రుళ్ళు నిద్ర లేదు. నేనిలా ఏడుస్తున్నానని ఆయనకు రాయాలా, వద్దా? ఇంకో సంగతి, అత్తయ్యగారికీ మావయ్యగారికీ ఇదంతా తెలియదు. మావయ్యగారికి స్టెంట్ వేశారు, కంగారు పడతారని, "కంపెనీ పని మీద వేరే రాష్ట్రం వెళ్ళాడని చెప్పు" అన్నారు మావారు. శనివారం రాత్రి వాళ్ళు వీడియో కాల్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెబుతున్నాను. మొన్న అత్తయ్యగారు "మీ ఇద్దరికీ ఏమన్నా గొడవైందా? వాడు అసలు ఇంట్లో ఉంటున్నాడా?" అని అడిగారు. ఆయన గ్రాడ్యుయేషన్ అయ్యి ఇంటికొచ్చే దాకా ఈ రోజులు ఎలా గడపాలో చెప్పండి. - ఒక సోదరి

జవాబు: రోజులు ఎలా గడపాలని అడిగారు. అవే గడుస్తాయమ్మా. పది వారాలు గడపడానికి ఎవరి సలహా అక్కర్లేదు. యోగా చేయండి, కొత్త విద్య నేర్చుకోండి, డైరీ రాసుకోండి అని చెప్పడానికి చాలామంది ఉన్నారు, నేను చెప్పను. మీరు "ఇంకో సంగతి" అంటూ చివర్లో పెట్టారు చూశారా, నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ముందు మీ అనుమానం తీర్చేసి అక్కడికే వస్తాను. ఆ మొదటి ఫోను చూసి ప్రేమ తగ్గిందనుకోకండి. చేరిన రోజు కుర్రాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, క్షేమంగా చేరామని ఇంటికి చెప్పేంత సేపే ఫోన్ ఇస్తారు. పక్కన ట్రైనింగ్ ఇచ్చే డ్రిల్ సార్జెంట్ ఉంటాడు, వెనక ఇంకో పదిమంది ఉంటారు. అక్కడ "బంగారం, ఏడవకు" అనేంత ధైర్యం ఎవరికుంటుంది? ఆ తర్వాత సెల్‌ఫోన్లు తీసుకుని తాళం వేసి పెడతారు. మళ్ళీ ఎప్పుడిస్తారు, ఎంతసేపు ఇస్తారు అన్నది డ్రిల్ సార్జెంట్ దయ. ఒక ఆదివారం ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఐదు లైన్ల ఉత్తరమంటారా, తెల్లవారుజామునే లేపి రాత్రి దాకా పరుగులు పెట్టిస్తే, పడుకునే ముందు దొరికే ఆ కాస్త సమయంలో బట్టలూ బూట్లూ సర్దుకుని మీకు ఐదు లైన్లు రాశాడు. నేనైతే మురిసిపోతాను.

ఇంకో మాట. ఫోర్ట్ జాక్సన్‌కు చేరగానే ట్రైనింగ్ మొదలవదు. మొదట కొన్ని రోజులు రిసెప్షన్ బెటాలియన్‌లో ఉంచి జుట్టు కత్తిరించడం, టీకాలు, యూనిఫాం, కాగితాలు, ఇవన్నీ కానిస్తారు. పది వారాల లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ ఉంటే ఆ లెక్క ఒకసారి సరిచేసుకోండి, చివర్లో నిరాశ పడకుండా.

ఇక అసలు విషయం. ఏ రాత్రి ఎక్కువ ఏడుస్తున్నారో మీరు రాయలేదు. శనివారం రాత్రి అయ్యుంటుందని నా అనుమానం. భర్త దూరంగా ఉంటే దిగులుగా ఉంటుంది, నిజమే. ఆ దిగులు నలుగురితో చెప్పుకుంటే సగం దిగుతుంది. మీరు ఎవరితో చెప్పుకుంటున్నారు? ఉత్తరమంతా వెతికాను. ఒక స్నేహితురాలి పేరు లేదు, పక్కింటివాళ్ళ ఊసు లేదు, మీ అమ్మగారి ప్రస్తావన కూడా లేదు. ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. డాలస్‌లో మీకు తెలిసిన తెలుగువాళ్ళలో ఒకరికి చెబితే రెండో రోజుకి వాళ్ళ పిన్నికి, మూడో రోజుకి మీ అత్తగారికి చేరుతుంది. అందుకని నోరు కట్టుకున్నారు. మిమ్మల్ని ఇంట్లో ఒంటరిగా కూర్చోబెట్టింది ఆర్మీ అనుకుంటున్నారు. ఆ పని చేసింది మీవారు మీ చేతికిచ్చి వెళ్ళిన అబద్ధం.

ఆయన చెడ్డవాడని అనడం లేదు. భయపడ్డాడు. తండ్రి గుండె గురించి భయం కొంత. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉందని నాకనిపిస్తోంది: "ఎంఎస్ చదివించి అమెరికా పంపిస్తే సిపాయిగా చేరాడా?" అనే మాట. మన ఇళ్ళల్లో కొడుకు మిలిటరీ ఆఫీసరైతే పెళ్ళిపత్రికలో వేసుకుంటాం, జవానైతే గొంతు తగ్గించి చెబుతాం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్తారు కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు. అక్కడ ఏ తల్లీ కొడుకు ఉద్యోగం దాచిపెట్టదు. పైగా మీవారి విషయంలో చిన్నతనం ఏముంది? అమెరికాలో ఆఫీసరు కావాలంటే పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డుతో చేరేవాళ్ళు ఎంత చదివినా కిందినుంచే రావాలి. డిగ్రీ ఉన్నందుకు స్పెషలిస్ట్ అనే, కొత్త జవాను కంటే కొంచెం పై హోదాతో మొదలుపెడతారు. సైన్యంలో పనిచేసేవాళ్ళకు పౌరసత్వం తొందరగా వచ్చే దారీ ఉంది. ఈ నాలుగు మాటలు కన్నకొడుకు కన్నతండ్రికి చెప్పుకోలేకపోయాడు. చెప్పలేనివాడు ఊరుకోవచ్చు. "నువ్వు అబద్ధం చెప్పు" అని భార్యను ముందుకు తోశాడు చూడండి, అది నాకు నచ్చలేదు. ఇంటికి అప్పులవాళ్ళు వస్తే "నాన్న ఊళ్ళో లేరని చెప్పు" అని పిల్లల్ని గుమ్మంలోకి పంపినట్టుంది.

ఇప్పుడు ఆ గుమ్మంలో మీరున్నారు. మీ అత్తగారు అడిగిన ప్రశ్న మరోసారి చదువుకోండి. కొడుకు ఇంట్లో ఉంటున్నాడా అన్నది ఆవిడ తర్వాత అడిగారు. ముందు మీ ఇద్దరికీ గొడవైందా అని అడిగారు. అంటే ఆవిడ మనసులో అనుమానం మీ మీదకు వచ్చేసింది. ఇంకో రెండు శనివారాలు పోతే, "మా వాణ్ణి ఇంట్లోంచి పంపించేసింది" అని మీ ఆడపడుచుకో మరిదికో చెప్పుకుంటారు. రేపు నిజం తెలిశాక ఆవిడ కొడుకుని నిమిషంలో క్షమిస్తారు. "పాపం పిచ్చిసన్నాసి, నాన్న కోసమే దాచాడు" అంటారు. మొహం మీద మొహం పెట్టి అబద్ధమాడింది మాత్రం కోడలు. అది పదేళ్ళయినా గుర్తుంటుంది. ఎన్నో ఇళ్ళ సంగతులు విన్నాను, ఇందులో నాకు సందేహం లేదు.

ఆవిడ వైపునుంచి కూడా ఒక్కసారి చూడండి. మీవారు ఎక్కడున్నాడో, ఎందుకు ఫోన్ చేయడం లేదో మీకు తెలుసు. చేతిలో ఉత్తరం ఉంది. ఆవిడకు మూడు వారాలుగా కొడుకు గొంతు లేదు, కారణం తెలియదు. మీ ఇద్దరిలో ఎక్కువ నరకం ఎవరు పడుతున్నారు?

మావయ్యగారి గుండె గురించి మీరు భయపడటం న్యాయమే. దానికే ఒక లెక్క చెబుతాను. దేవుడు మేలు చేయాలి గానీ, ఆయనకు నిజంగానే ఏదైనా అయిందనుకోండి. మీవారికి కబురు ఎలా పంపుతారు? ఫోన్ లేదు. ఉత్తరానికి రోజులు పడుతుంది. అందుకు మామూలుగా వాడే దారి అమెరికన్ రెడ్‌క్రాస్. 1-877-272-7337కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. మీవారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ అడ్రసు అడుగుతారు. తర్వాత ఆసుపత్రితోనో డాక్టరుతోనో మాట్లాడి నిజమేనని రూఢి చేసుకుని, ఆ కబురు పైఅధికారులకు చేరుస్తారు. సెలవు ఇవ్వాలా వద్దా అనేది వాళ్ళ ఇష్టం. ఇప్పుడు చెప్పండి, కొడుకు ఆర్మీలో ఉన్నాడనే తెలియని తల్లి ఆసుపత్రి వరండాలో నిలబడి ఏం చేస్తుంది? కొడుకు నంబరుకి చేస్తూనే ఉంటుంది, అక్కడ తాళం వేసిన పెట్టెలో ఫోను స్విచ్ఛాఫ్ అయి ఉంటుంది. మామగారి గుండె కోసం చెప్పిన అబద్ధం ఆ గుండెకే అడ్డం పడుతుంది. రెడ్‌క్రాస్ నంబరు ఈరోజే ఫ్రిజ్ మీద అతికించండి, ఆయన అడ్రసు దాని కింద రాయండి.

కాబట్టి మీరు మీవారికి ఉత్తరం రాయాలి. ఏడుస్తున్నానని రాయాలా వద్దా అన్నది పక్కన పెట్టండి, అది అంత పెద్ద విషయం కాదు. రాయాల్సింది ఇది: "మీ అమ్మగారితో నేను ఇక అబద్ధం చెప్పను. మీ చేతిరాతతో అమ్మానాన్నలకు ఒక ఉత్తరం రాసి నాకు పంపండి. నేను ఫొటో తీసి వాళ్ళకు పంపిస్తాను, పక్కనే ఉండి మాట్లాడతాను. ఫలానా తేదీ లోపల మీ ఉత్తరం రాకపోతే నేనే చెబుతాను." తేదీ తప్పకుండా వేయండి. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి రెండు వారాలైనా పడుతుందని చూసుకుని వేయండి. బతిమాలుతున్నట్టు రాయకండి, దెప్పుతున్నట్టు కూడా వద్దు.

ట్రైనింగ్‌లో ఉన్న మనిషికి ఇంటి గొడవలు రాయకూడదు, ఎప్పుడూ నవ్వించే కబుర్లే రాయాలి అని మీకు అనుభవమున్న మిలిటరీ భార్యలు చెబుతారు. నేనూ అంతే అంటాను, తొంభై శాతం. ఇంట్లో కుళాయి పాడైందని, కారు స్టార్ట్ కావడం లేదని రాయకండి, అవి మీరు చూసుకోగలరు. కానీ ఇది ఇంటి గొడవ కాదు, ఆయన చేయాల్సిన పని, మీ నెత్తిన పెట్టి వెళ్ళాడు. తుపాకీ పట్టుకోవడం నేర్చుకుంటున్నవాడు ఒక ఉత్తరాన్ని తట్టుకోలేడా?

ఈ శనివారం మాత్రం ఆయన జవాబు కోసం చూడకండి. అత్తగారు ఫోన్ చేయగానే, ఆవిడ అడిగేలోపే మీరే అనండి: "అత్తయ్యా, మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. ఆయన క్షేమంగా ఉన్నారు, ఒట్టు. ఎక్కడ, ఏం పని మీద అన్నది ఆయనే మీకు ఉత్తరం రాస్తారు. అప్పటిదాకా నన్ను గుచ్చి అడగకండి, మీకు అబద్ధం చెప్పడం నా వల్ల కావడం లేదు." ఇందులో రహస్యం బయటపడలేదు, అబద్ధమూ లేదు. ఆవిడ కోప్పడవచ్చు, ఏడవవచ్చు. వినండి. ఫోన్ పెట్టేయకండి. మీ అమ్మగారికి మాత్రం ఈరోజే మొత్తం చెప్పేయండి. కన్నతల్లికి కూడా చెప్పకూడదని మీవారు ఒట్టు వేయించుకున్నా సరే, నేను ఆ ఒట్టును లెక్కలోకి తీసుకోను.

మిగిలిన ఉత్తరాలు రోజూ రాయండి, చిన్నవి. ప్రతిదాని మీదా నంబరు వేయండి, మూడు రోజులవి ఒకేసారి చేరితే ఏది ముందో తెలియాలి. కవరు మీద బొమ్మలు, సెంటు వాసనలు, లోపల తినుబండారాలు వద్దే వద్దు. అందరి ముందూ పిలిచి ఉత్తరం ఇచ్చేచోట అలాంటివి కనిపిస్తే డ్రిల్ సార్జెంట్ ఊరుకోడు, శిక్ష పడేది ఆయనకు. అత్తగారికి విషయం తెలిశాక ఆవిడ చెప్పినవి కూడా మీరే రాసి పంపవచ్చు. ఇండియా నుంచి పోస్టు వచ్చే లోపల ఆయన ట్రైనింగే అయిపోతుంది.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ, మీ పెళ్ళి సర్టిఫికెట్ ఆయన వెంట తీసుకెళ్ళాడో లేదో గుర్తు చేసుకోండి. దాని ఆధారంగానే మిమ్మల్ని డీర్స్ అనే రికార్డులో భార్యగా ఎక్కిస్తారు. మీ ట్రైకేర్ ఆరోగ్య బీమా, ఇంటి అద్దె భత్యం దాంతోనే ముడిపడి ఉంటాయి. జీతం ఒకటో తారీఖున, పదిహేనున పడుతుంది. మొదట్లో కొంచెం అటూ ఇటూ అయితే కంగారు పడకండి.

చివరిగా, గ్రాడ్యుయేషన్ అయ్యాక ఇంటికొస్తారని రాశారు. చాలామందిని అక్కడి నుంచి నేరుగా ఏఐటీకి, అంటే వాళ్ళ పనికి సంబంధించిన రెండో ట్రైనింగ్‌కు పంపేస్తారు. అది కొన్ని వారాలు కావచ్చు, కొన్ని నెలలు కావచ్చు, ఎంచుకున్న ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది. అక్కడ ఫోన్ మాత్రం ఎక్కువ దొరుకుతుంది. మీరే ఫోర్ట్ జాక్సన్ ఉన్న కొలంబియా ఊరికి వెళ్ళి చూసి రావాలి. గ్రాడ్యుయేషన్‌కు ముందురోజు ఫ్యామిలీ డే అని ఉంటుంది, ఆ రోజు ఆయనతో గడపవచ్చు. గ్రాడ్యుయేషన్ పెరేడ్‌ను ఆన్‌లైన్‌లో లైవ్ ఇస్తుంటారు, అత్తమామలు ఇంట్లో కూర్చుని చూడవచ్చు, అప్పటికి వాళ్ళకు తెలిసుంటే. తేదీలు మారుతుంటాయి, అందుకని డబ్బు వెనక్కొచ్చే టికెట్టే కొనుక్కోండి.