రోజూ పరుగెత్తినా తొడల దగ్గరి మొండి కొవ్వు ఎందుకు కరగదు?

వారానికి అయిదు రోజులు వ్యాయామం చేస్తున్నారనీ, ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గి నడుము సన్నబడినా తొడలూ పిరుదులూ మాత్రం అలాగే ఉన్నాయనీ, రాత్రి భోజనం మానేస్తే అవి కూడా తగ్గుతాయా అనీ మీరు అడిగారు. షార్ట్స్ వేసుకుని పరుగెత్తడానికి సిగ్గుగా ఉందని కూడా రాశారు. నేను వైద్యురాలిని కాను. ఇదే ప్రశ్న ఆరేళ్ల క్రితం నన్ను నేను వేసుకుని, మీరు అనుకుంటున్న జవాబునే ఆచరించి దెబ్బతిన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

రెండో కాన్పు తర్వాత 68 కిలోలున్న నేను విశాఖపట్నం బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర నడక మొదలుపెట్టి, నాలుగు నెలల్లో పరుగుకు మారి, ఏడాది తిరిగేసరికి 57 కిలోలకు వచ్చాను. టేపుతో కొలిస్తే నడుము 88 సెంటీమీటర్ల నుంచి 75కు దిగింది. తొడ మాత్రం 61 నుంచి 58 దగ్గర ఆగిపోయింది. చుడీదార్ నడుము దగ్గర లోపలికి కుట్టిన టైలరమ్మ, తొడల దగ్గర పాత కొలతే ఉంచుదామంది. ఒక పెళ్లిలో మా మేనత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎంత పరుగెత్తితే ఏం లాభమే, ఆ కింది భాగం మీ నాయనమ్మదే!" అని నవ్వింది. ఆమె వేళాకోళానికి అన్న ఆ మాటలోనే సగం శాస్త్రం ఉందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

కొవ్వు శరీరంలో ఎక్కడ చేరాలో, ఎక్కడి నుంచి ముందు కదలాలో నిర్ణయించడంలో వంశపారంపర్యానిదీ, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌దీ పెద్ద పాత్ర. కొవ్వు కణం మీద అడ్రినలిన్ (శ్రమలో శరీరం విడుదల చేసే హార్మోన్) సంకేతాన్ని అందుకునే గ్రాహకాలలో బీటా రకం నిల్వను వదలమంటుంది, ఆల్ఫా-2 రకం వదలవద్దంటుంది; స్త్రీల తొడలు, పిరుదుల దగ్గరి కణాలలో ఈ రెండో రకం వాటా ఎక్కువ. గర్భానికీ, బిడ్డకు పాలివ్వడానికీ దాచిన నిల్వ అది. పాలిచ్చే నెలల్లో కొంత సులువుగా కదులుతుంది, ముట్లుడిగిన తర్వాత కొత్త కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది. ఇక తొడల వ్యాయామం చేస్తే తొడల కొవ్వే కరుగుతుందన్న నమ్మకం సంగతి: కండరం తనకు కావలసిన కొవ్వును రక్తం నుంచి తీసుకుంటుంది తప్ప, పక్కనే ఉన్న పొర నుంచి నేరుగా లాక్కోదు. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ల చేతులను కొలిచినప్పుడు, రాకెట్ పట్టే చెయ్యి లావుగా ఉన్నా, చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతులకూ ఒకేలా ఉందని తేలింది. చెమట బెల్టుల గురించి వేరే చెప్పనక్కరలేదు, అవి తీసేది నీటినే.

ఇవేవీ తెలియని రోజుల్లో నేను రాత్రి భోజనం మానేసి, వారానికి యాభై కిలోమీటర్లు పరుగెత్తడం మొదలుపెట్టాను. బరువు 52కు పడిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి, దువ్వెన నిండా జుట్టే, తొడ తగ్గింది ఒక్క సెంటీమీటరు. ఆ తర్వాత ఎడమ కాలి పిక్క ఎముక మీద ఒకచోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి మొదలైంది. ఎముకల డాక్టరుగారు కాలు చూడకముందే నెలసరి సక్రమంగా వస్తోందా అని అడిగారు. నాలుగు నెలలుగా రావడం లేదని చెప్పాను. అది బాగా కష్టపడుతున్నందుకు గుర్తనుకుని లోలోపల గర్వపడ్డానన్న మాట మాత్రం చెప్పలేదు. ఎక్స్-రేలో కనిపించని పగులు ఎంఆర్ఐలో కనిపించింది. తిండి ఖర్చుకు సరిపోనప్పుడు శరీరం ముందుగా నెలసరిని ఆపుతుందనీ, ఈస్ట్రోజన్ పడిపోతే ఎముక బలహీనపడుతుందనీ ఆయన చెప్పారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో ఖర్చుకు తగ్గ శక్తి అందకపోవడం) అని పేరు పెట్టింది. పురుషుడికి అత్యవసరమైన కొవ్వు శరీర బరువులో సుమారు 3 శాతమైతే స్త్రీకి అది 12 శాతమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నేను వదిలించుకోవాలని యుద్ధం చేసిన దానిలో కొంత, లేకపోతే పని జరగని సామగ్రి అన్నమాట.

ఎనిమిది వారాలు పరుగు మాని, రాత్రి భోజనం తిరిగి మొదలుపెట్టాను. గుడ్లు, పెసరట్టు, పెరుగు పెంచాను. తర్వాత పరుగు తగ్గించి వారానికి రెండు రోజులు బరువులెత్తడం నేర్చుకున్నాను. ఇప్పుడు 58 కిలోలున్నాను, తొడ మళ్లీ 58 సెంటీమీటర్లే. కాకపోతే భుజాల మీద యాభై కిలోలు పెట్టుకుని కూర్చుని లేస్తాను. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది మాత్రం 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలెత్తి. ఆ బరువు లేపిన కాళ్ల కొలత ఎంతని అప్పుడు నేను ఆలోచించలేదు, మీరూ ఆలోచించి ఉండరు.

మీ విషయానికొస్తే, ఆరోగ్యం కోసం చూడవలసింది ముందు నడుము కొలత. మన ప్రాంతపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు మధుమేహానికీ గుండెజబ్బుకూ దారితీస్తుంది, తొడల దగ్గర చర్మం కింద ఉండేది అలాంటిది కాదు. కానీ మీ కాళ్లు రెండూ సమానంగా లావై, పాదాలు మాత్రం సన్నగా ఉండి, నొక్కితే నొప్పిగా ఉండి, చిన్న తాకిడికే కమిలిపోతుంటే, అది లిపెడీమా అనే వేరే సమస్య కావచ్చు; తిండి తగ్గించినా అది లొంగదు, డాక్టరుకు చూపించండి. నెలసరి తప్పుతున్నా అంతే. లైపోసక్షన్ చర్మం కింది కణాలను తీసేస్తుంది, నిజమే, కానీ అది శస్త్రచికిత్స. అద్దంలో కనిపించే కొలత కోసం దాని ప్రమాదాన్ని నేనైతే కొనితెచ్చుకోను.

రాత్రి భోజనం మానవద్దు. షార్ట్స్ గురించి అడిగారు కదా: నేను ఈనాటికీ మోకాళ్ల దాకా వచ్చే టైట్స్‌లోనే పరుగెత్తుతున్నాను. తొడలు రాసుకుని మండకుండా ఉండడం అందుకు సగం కారణం, మిగిలిన సగం మీకు తెలిసినదే.