తుప్పు పట్టిన షాక్ అబ్జార్బర్లకు వారంటీ వర్తించదంటే

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. సొంత వాడకం కోసం కడప షోరూములో రూ.8,40,000 పెట్టి కారు కొని 22 నెలలయింది. 31,000 కిలోమీటర్లు తిరిగింది. వారంటీ 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లు. సర్వీసులన్నీ ఆ షోరూములోనే చేయించాను. పోయిన నెలలో గుంతల్లో దిగినప్పుడల్లా ముందువైపు టకటకమని శబ్దం వస్తోందని చూపిస్తే, ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ తుప్పు పట్టి ఆయిల్ కారుతున్నాయని, తుప్పు బయటి కారణాల వల్ల వచ్చింది కాబట్టి వారంటీ లేదని, మార్చడానికి రూ.14,600 అవుతుందని నోటిమాటగా చెప్పారు. మా పొలం దారి నల్లరేగడి. అప్పుడప్పుడు ఊళ్లోనే వాటర్ వాష్ చేయిస్తాను. కేసు వేయవచ్చా? కొత్త కారు అడగవచ్చా? ఇన్సూరెన్సులో ఏమైనా వస్తుందా? ఇకముందు తుప్పు రాకుండా, వచ్చినా నెపం నా మీదికి రాకుండా ఏం చేయాలి?

జవాబు: ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు చెల్లించి సొంత వాడకానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు వినియోగదారులే. అయితే గెలుపోటములు తేలేది ఒక్క విషయం దగ్గర: తుప్పు వల్ల ఆయిల్ కారిందా, లేక తుప్పుతో సంబంధం లేకుండా సీలు చెడిపోయి కారిందా? షోరూము వారు ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో చెప్పి మిమ్మల్ని పంపించారు. మీరు వాటిని విడదీయాలి.

షాక్ అబ్జార్బర్‌లో ఆయిల్ నిండిన గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే క్రోమ్ పూత రాడ్డు, ఆ రాడ్డు చుట్టూ ఆయిల్‌ను ఆపి ఉంచే రబ్బరు సీలు ఉంటాయి. గొట్టం బయట పెయింటు లేచి పైపైన తుప్పు పట్టినంత మాత్రాన ఆయిల్ కారదు. తుప్పు గొట్టాన్ని తినేసి చిల్లి అయినా పడాలి, లేదా రాడ్డు మీద క్రోమ్ దెబ్బతిని, గరుకుదేలిన ఆ చోటు ఆడినప్పుడల్లా సీలును గీరేసి అయినా ఉండాలి. కాబట్టి రాడ్డును దుమ్ము నుంచి కాపాడే డస్ట్ కవరు పైకెత్తించి చూడండి. రాడ్డు అద్దంలా నున్నగా ఉండి, ఆయిల్ సీలు దగ్గరి నుంచే కిందికి ధార కట్టి ఉంటే, బయటి తుప్పు ఆ లీకుకు కారణం కాదు. డస్ట్ కవరు చిరగకుండా ఉండి, దాని లోపలి రాడ్డు మీద గుంటలు పడి తుప్పు కనిపిస్తే, 22 నెలలకే క్రోమ్ పూత ఎందుకు పోయిందో చెప్పవలసింది తయారీదారు. కవరు చిరిగి, మట్టీ ఇసుకా లోపలికి చేరి రాడ్డు పాడయి ఉంటే మీ కేసు కొంత బలహీనపడుతుంది. అప్పుడు కూడా, చిరిగిన కవరును గత సర్వీసులో ఎందుకు గుర్తించలేదన్న ప్రశ్న డీలరుకు మిగిలే ఉంటుంది. ఇంకొక మాట, సీలు దగ్గర పలుచగా నూనె చెమ్మ కనిపించడం సహజమే, దానిని లీకు అనరు. మీకు కనిపిస్తున్నది ఆ చెమ్మ మాత్రమే అయితే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కవద్దు.

వాతావరణం వల్ల, రాళ్లు తగలడం వల్ల వచ్చే తుప్పునూ మామూలు అరుగుదలనూ కార్ల కంపెనీలు సాధారణంగా వారంటీ నుంచి మినహాయిస్తాయి. కొన్ని కంపెనీలు షాక్ అబ్జార్బర్లకు, రబ్బరు భాగాలకు వేరుగా తక్కువ గడువు పెడతాయి. మీ వారంటీ పుస్తకంలో ఆ పేజీని ముందు చదవండి. మినహాయింపు ఉన్నా, దానిని అడ్డం పెట్టుకున్నవారే అది ఈ సందర్భానికి వర్తిస్తుందని రుజువు చేయాలన్నది బీమా వివాదాలలో స్థిరపడిన సూత్రం. వారంటీ వివాదంలోనూ మనం అదే వాదన వినిపించవచ్చు. మీ పొలం దారిని ఎత్తి చూపుతారేమో కానీ, మట్టి దారులున్న జిల్లాలో కారు అమ్మి, మట్టి దారిలో నడపడమే దుర్వినియోగం అంటే చెల్లదని నా అభిప్రాయం.

ఇక సాక్ష్యం సంగతి. నోటిమాట దేనికీ పనికిరాదు. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని షోరూముకు, తయారీదారుకు ఈ-మెయిల్ పంపండి. సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా చట్టంలోని సేవాలోపం నిర్వచనం కిందికి వస్తుంది కాబట్టి, జవాబు రాకపోవడం కూడా మీకే ఉపయోగపడుతుంది. సర్వీసులో చేసిన పనులు రాసి ఇచ్చే పాత జాబ్ కార్డులన్నీ బయటికి తీయండి. వాటిలో సస్పెన్షన్ (షాక్ అబ్జార్బర్లు ఇందులోవే), కింది భాగం అన్న గడుల ఎదురుగా సాధారణంగా ప్రతి సర్వీసులోనూ టిక్కు పెట్టి ఉంటుంది. కిందటి సర్వీసులో అంతా సరిగ్గా ఉందని టిక్కు పెట్టి, కొద్ది నెలలకే చాలాకాలంగా తుప్పు పట్టిందనడం ఎలా కుదురుతుందో వారే చెప్పాలి. ఇటువంటి కేసులలో ఇంతకంటే గట్టి కాగితం వినియోగదారుడి చేతికి దొరకదు.

ఆయిల్ కారిన షాక్ అబ్జార్బర్లతో బండి నడపడం మంచిది కాదు. బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు అక్కడక్కడా గుంటలు పడినట్లు అరుగుతాయి. పైగా లోపం తెలిసీ రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది. అందుచేత అభ్యంతరంతోనే డబ్బు చెల్లిస్తున్నానని జాబ్ కార్డు మీద రాసి, రెండూ కలిపి మార్పించుకుని, పార్టు నంబర్లతో బిల్లు తీసుకోండి. విప్పేటప్పుడు ఫొటోలు, వీడియో తీయండి. పాత షాక్ అబ్జార్బర్లను ఎట్టి పరిస్థితిలోనూ అక్కడ వదిలిపెట్టవద్దు. కడగకుండా, తుడవకుండా సంచిలో కట్టి భద్రపరచండి. పరీక్షకు తామే ఉంచుకుంటామంటే రసీదు రాయించుకోండి. లోపం ఉన్నదని మొదట చూపవలసిన బాధ్యత ఫిర్యాదిదే. వినియోగదారుల పరిరక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఆ వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపవచ్చు, నివేదిక 45 రోజుల్లో రావాలి, ఖర్చు మీరు జమ చేయాలి. వస్తువే లేకపోతే పంపేదేముంది?

మీరు ప్రొద్దుటూరులో నివసిస్తున్నారు కాబట్టి, కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నా, కడపలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లోనే తయారీదారునూ డీలరునూ కలిపి ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉన్న కేసులు జిల్లా కమిషన్ పరిధిలోనివే. మీ కారు ధరకు రుసుము రూ.200. అంతకుముందు 1915 జాతీయ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి చూడండి, ఈ మాత్రం మొత్తాలు కొన్నిసార్లు అక్కడే తేలిపోతాయి. ఫిర్యాదుకు గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలు. చూస్తాం, చేస్తాం అని షోరూము వారు తిప్పుతున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. మీరు కోరదగినది రూ.14,600, దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. కొత్త కారు ఆశ వదులుకోండి. లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వడం వరకే వారంటీ ఉన్నప్పుడు కారునే మార్చమనడం కుదరదని మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గాబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇకముందు జాగ్రత్తల గురించి అడిగారు. మన వైపు వానలు తక్కువ, సముద్రం దూరం, తుప్పు భయం లేదని చాలామంది ధీమా. కానీ నల్లరేగడి తడిని అంత తొందరగా వదలదు. ముందు స్ప్రింగు కూర్చునే గిన్నెలాంటి చోట ఆ మట్టి పేరుకుంటే, పైకి ఎండినట్లున్నా అడుగున చెమ్మ ఉండి పెయింటు కింద ఇనుమును తింటుంది. వాన తర్వాత పొలం నుంచి వచ్చిన రోజే అక్కడ నీళ్లు పోసి మట్టి వదిలించండి. చవుడు నేలల బోరు నీటిలో లవణాలు ఎక్కువ, ఆఖరిసారి మంచినీళ్లతో కడగడం మేలు. ప్రెషర్ పైపును సీలు మీదికి, డస్ట్ కవరు లోపలికి గురిపెట్టనివ్వవద్దు. వాటర్ వాష్ దగ్గర కింద డీజిలో, వాడిన ఇంజన్ ఆయిలో కొట్టే అలవాటు ఉంది. అది రబ్బరు బుష్‌లనూ సీళ్లనూ ఉబ్బించి పాడుచేస్తుంది, కంపెనీకి సాకు కూడా మీరే అందించినట్లవుతుంది. తుప్పు నిరోధక పూత వేయించినా రాడ్డు మీద, రబ్బరు మీద పడకూడదు. లేచిన పెయింటును గీకి ప్రైమర్, పెయింటు వేయించడం కొద్దిపాటి ఖర్చే. ప్రతి సర్వీసులో డస్ట్ కవరు, రాడ్డు, గొట్టం చూసి వాటి స్థితిని జాబ్ కార్డులో మాటల్లో రాయమనండి, టిక్కుతో సరిపెట్టుకోవద్దు. రాయనంటే ఆ రోజే ఫొటో తీసి వారికి ఈ-మెయిల్ చేయండి.

ఇన్సూరెన్సు విషయానికి వస్తే, మామూలు అరుగుదలకు, యాంత్రిక వైఫల్యానికి మోటారు పాలసీ వర్తించదు, నెమ్మదిగా పట్టిన తుప్పూ అంతే. గుంతలో పడిన దెబ్బకు షాక్ అబ్జార్బర్ వంగినా, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరుకు వచ్చినటువంటి వరదలో కారు మునిగినా, సొంత నష్టం కవరు ఉన్న పాలసీ కింద క్లెయిమ్ చేయవచ్చు. పాత తుప్పును గుంతదెబ్బగా చూపి క్లెయిమ్ వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. బీమా సర్వేయరు పట్టుకుంటే క్లెయిమ్ పోతుంది, లోపం తయారీలోదని మీరు కమిషన్‌లో చేసే వాదనకు మీ క్లెయిమ్ ఫారమే ఎదురు సాక్ష్యమవుతుంది.