పక్క పడవలో పాటల మోత: వెళ్లి అడగాలా, లంగరు తీసెయ్యాలా?

మీ ప్రశ్న ఇదీ: ప్రశాంతమైన చోటు చూసి సెయిలింగ్ బోటుకి లంగరు వేసుకున్నారు. సాయంత్రం ఇంకో పడవ వచ్చి దగ్గర్లోనే ఆగింది. అర్ధరాత్రి దాకా పాటలు, జనరేటర్ మోత. అడగాలా, ఓర్చుకోవాలా?

అడగండి, కానీ వెలుతురుండగానే. తాగి ఊపు మీదున్న గుంపుతో రాత్రి పదకొండింటికి మాట్లాడి నేనెప్పుడూ ఏమీ సాధించలేదు. వాళ్లు లంగరు వేసి కుదురుకున్నాక డింగీలో (పడవతో ఉండే చిన్న బోటులో) వెళ్లి, ముందు నేనెంత లంగరు గొలుసు వదిలానో చెబుతాను. గాలి మారితే రెండు పడవలూ ఎంత మేర తిరుగుతాయో ఇద్దరికీ తెలియాలి కదా. ఆ మాటల్లోనే "జనరేటర్ ఎప్పటిదాకా వేస్తారు?" అంటే, చాలామంది వాళ్లంతట వాళ్లే ఒక టైమ్ చెప్పేస్తారు. పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాత్రం ఈ గొడవ వద్దు. చుట్టుపక్కల పడవలన్నీ వింటాయి, అవతలివాళ్లకి పరువు సమస్య అయిపోతుంది. పైగా 16వ ఛానల్ ఉన్నది ఆపదకీ, పిలుపుకీ, కబుర్లకి కాదు.

మాట వినలేదా, చోటు మార్చడమే నయం. ఎక్కడికన్నదే అసలు విషయం. రాత్రి నీటి మీది గాలి చల్లబడి, దానిపై గాలి వెచ్చగా ఉంటే, శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం వస్తుంది. గాలి వీచే దిశలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. లంగరు మీదున్న పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంటుంది కాబట్టి వెనకవైపు కాక్‌పిట్‌లోని (జనం కూర్చునే చోటులోని) పాటలు, జనరేటర్ పొగ అన్నీ గాలి కింద, అంటే గాలి వెళ్లే వైపున్న వాళ్లకే. అందుకే నేను వాళ్లకి గాలి పైవైపు, అంటే గాలి వచ్చే వైపు వెళ్తాను. అయితే అక్కడ మీ లంగరు జారితే నేరుగా వాళ్ల మీదికే వెళ్తారు. కనుక దూరం బాగా పెట్టండి, మీ లంగరు వాళ్ల గొలుసు మీద పడకుండా చూసుకోండి. నీటి లోతుకి, నీటి మీంచి పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి కనీసం 5 రెట్లు గొలుసు వదలండి. 5 మీటర్ల లోతు, 1 మీటరు ముక్కు ఎత్తు అయితే 30 మీటర్లు.

ఇదంతా చీకటి పడకముందే తేల్చుకోవాలి. తెలియని చోట రాత్రి లంగరు తీసి మళ్లీ వేయడం కంటే నిద్ర చెడగొట్టుకోవడమే మేలు. అలా ఇరుక్కుపోయిన రాత్రుల్లో ముందువైపు హ్యాచ్ (పైకప్పు తలుపు) మూసేసి, ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటాను. లంగరు జారితే ఫోన్‌లో మోగే యాంకర్ అలారం వినబడదేమోనన్న టెన్షన్ ఉంటుంది కాబట్టి ఫోన్ వైబ్రేషన్‌లో దిండు కిందే.

మోత పాటలది కాక, మాస్ట్‌కి (తెరచాప స్తంభానికి) హాలియార్డ్, అంటే తెరచాప పైకెత్తే తాడు, టకటకా కొట్టుకోవడమైతే పని తేలిక. లోపల పడుకున్నవాళ్లకి అలవాటైపోయి ఆ చప్పుడు పట్టదు. చెబితే ఎవరూ నొచ్చుకోరు. సాగే తాడు ముక్కతో హాలియార్డ్‌ని మాస్ట్‌కి ఎడంగా, దాన్ని నిలబెట్టే పక్క తీగలవైపు లాగి కడితే సరి. వెళ్లేటప్పుడు ఒక ముక్క మీరే పట్టుకెళ్లండి. వెళ్లేముందు మాత్రం మీ హాలియార్డ్ కట్టి ఉందో లేదో చూసుకోండి.