నా సవరణను ఎందుకు తిప్పి పంపారు?

ప్రశ్న: పొలంలో బోరు మోటారును ఫోన్ నుంచే వేసి ఆపుకొనేలా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో ఒకటి తయారుచేశాను. స్టార్టర్ డబ్బాలో వేడి చూడటానికి డీహెచ్‌టీ22 సెన్సార్ పెట్టాను. దాన్ని చదివే కోడ్ లైబ్రరీ అప్పుడప్పుడు అంకెకు బదులు ‘ఎన్‌ఏఎన్’ (అంకె కాదు) అని ఇస్తుంటే సరిచేసి, కోడ్ పంచుకొనే గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోమనే వినతి) పంపాను. మూడు వారాలయ్యాక ‘గైడ్‌లైన్స్ చదవండి’ అని ఒక్క ముక్క రాసి మూసేశారు. ఎవరైనా చేయి వేయొచ్చనే ఓపెన్ సోర్స్ అంటే ఇదేనా?

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు నెలకు ఒకటైనా వస్తుంది. మీ లింకు తెరిచి చూశాను. అలక తర్వాత, ముందు లేచి మీ పాస్‌వర్డూ టోకెనూ మార్చండి.

ఉదాహరణకని జతచేసిన స్కెచ్‌లో (బోర్డులో వేసే ప్రోగ్రాం) మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, ఆ కిందే మోటారుకు ఆజ్ఞలందుకొనే టెలిగ్రామ్ బాట్ టోకెన్, అంటే ఆ బాట్ తాళంచెవి, ఉన్నాయి. మర్నాడు గుర్తొచ్చి తీసేశారు, అదీ చూశాను. కానీ కోడ్ మార్పులన్నీ దాచే గిట్ పాతదేదీ పారేయదు. ముందటి కమిట్ (దాచిన మార్పు) నొక్కితే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వైఫై పాస్‌వర్డ్ వాడాలంటే ఎవరైనా మీ ఇంటి దాకా రావాలి. టోకెన్‌కు ఆ శ్రమ కూడా లేదు. అది దొరికితే మీ బాట్ ఏదో తెలిసిపోతుంది. మీ కోడేమో ‘ఆన్’ అని ఎవరు పంపినా మోటారు వేసేస్తుంది, పంపినవాళ్ల చాట్ ఐడీ చూడనే చూడదు. బోరులో నీళ్లు లేని రాత్రి ఎవడో సరదాకి నొక్కితే వైండింగ్ కాలేది మీది. టోకెన్లిచ్చే టెలిగ్రామ్ బాట్‌ఫాదర్‌లో పాత టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకోండి. చాట్ ఐడీ సరిచూసే రెండు వరుసలు రాయండి. ఇకపై ఇవన్నీ విడి ఫైల్లో పెట్టి, దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) చేర్చండి.

ఇక మీ సవరణ. డీహెచ్‌టీ22ను రెండు సెకన్లకోసారి కంటే వేగంగా చదవకూడదు. రోగం సరిగ్గానే పట్టారు, మందే తప్పు. లైబ్రరీ లోపల రెండు సెకన్ల డిలే (ఆగమనే ఆజ్ఞ) పెడితే, బోర్డు మళ్లీమళ్లీ నడిపే లూప్ మొత్తం ఆగిపోతుంది. అదే లూప్‌లో మోటారు ఆపే బటన్ చూసుకొనేవాడి గతేంటి? బోర్డు మొదలై ఎంతసేపైందో చెప్పే మిల్లిస్‌తో సమయం చూసి, రెండు సెకన్లు కాకపోతే పాత రీడింగే తిరిగివ్వాలి.

మీ మీద విసుగు అయిపోయింది, ఇప్పుడు ఆ లైబ్రరీ చూసుకొనేవాళ్ల మీద. ఇదంతా కనిపెట్టడానికి నాకు పట్టింది పది నిమిషాలు. వాళ్లు మూడు వారాలు కూర్చుని, కళ్లెదుట ఉన్న టోకెన్ గురించి ఒక్క మాట అనలేదు. జీతం లేని పని, ఒప్పుకుంటాను. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో పుల్ రిక్వెస్టులకిచ్చే టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయ ఫైలు రీడ్‌మీలో ఒకటీ అరా పదాలు మార్చి పంపినవాళ్ల ధాటికి విసిగారు, అదీ నిజమే. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉదంతం తర్వాత కొత్త పేరు కనబడితేనే అనుమానం. కానీ అక్కడ జరిగిందేమిటి? ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణ చేతికొచ్చాకే దొంగదారి పెట్టారు. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే బయటపడింది. అంత ఓపికున్నవాడు గైడ్‌లైన్స్ ముందే కంఠతా పట్టి వస్తాడు. గుమ్మంలో ఆగిపోయేది మీలాంటివాళ్లే.

మిల్లిస్ సవరణతో మళ్లీ పంపండి. టోకెన్ మార్చాక.